ఇంట్లో దొంగ పడితే చంపేయొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

అర్ధరాత్రి పెరటి తలుపు దగ్గర చప్పుడైతే మంచం కింది కర్ర అందుకునే హక్కు అందరికీ ఉంది. ఆ కర్రతో ఎంత దూరం వెళ్లొచ్చన్న దగ్గరే చిక్కంతా. దీని మీద జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు కింద జవాబులు రాశాను. చట్టం సంగతులు మన దేశానివి. అమెరికా, ఇంగ్లండ్ ముచ్చట వచ్చినచోట ఆ మాట విడిగా చెప్పాను. మీ మీద ఇప్పటికే కేసు నడుస్తుంటే ఇది చదివి ఊరుకోకండి, వకీలును కలవండి.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి. ఇంట్లో దూరిన దొంగను చంపితే నేరమా, కాదా?

ప్రాణం మీదికి వచ్చిందని సబబైన కారణంతో భయపడి, ఆ ఆపద తప్పించుకోవడానికి కావలసినంత బలమే వాడితే, అందులో అతను చనిపోయినా నేరం కాదు. ఆపద తీరిపోయాక కసి కొద్దీ, లేదా బుద్ధి చెప్పాలని కొట్టి చంపితే అది హత్య. చాలా కేసులు ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో పడతాయి.

ఇది ఏ చట్టంలో ఉంది?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు. అంతకుముందు ఇవే ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉండేవి. నంబర్లు మారాయి, సరుకు దాదాపు పాతదే. నిజానికి ఇంకా పాతది: 1837లో మెకాలే కమిషన్ ముసాయిదా రాసినప్పుడు, ఈ దేశంలో జనం దోపిడీ ముఠాలకు నోరెత్తకుండా లొంగిపోతున్నారని, ఎదిరించే తెగువకు చట్టం అడ్డుపడకూడదని ఆ పెద్దలు భావించారు. 1860లో ఐపీసీ వచ్చినప్పుడు ఆ ధోరణే అందులోకి దిగింది. పరాయి పాలకుడు మనకు పౌరుషం నూరిపోయాలనుకోవడం వింతే గానీ, హక్కును మాత్రం విశాలంగానే రాశారు.

మీ ఒంటినీ మీ ఆస్తినీ మాత్రమే కాదు, ఇంకొకరి ఒంటినీ ఆస్తినీ కాపాడే హక్కు కూడా 35వ సెక్షన్ ఇస్తుంది. పక్కింట్లో కేకలు వినబడితే పరుగెత్తుకెళ్లి అడ్డుపడొచ్చు. అయితే 37వ సెక్షన్ రెండు కళ్లేలు వేసింది. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు.

ప్రాణం కోసం సరే, ఆస్తి కోసం కూడా ప్రాణం తీయొచ్చా?

నాలుగు సందర్భాల్లో తీయొచ్చని 41వ సెక్షన్ చెబుతుంది. బెదిరించో కొట్టో దోచుకునే దోపిడీ. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య ఇల్లు బద్దలుకొట్టి చొరబడటం. మనుషులు ఉండే ఇంటికి, లేదా సరుకు దాచే గోదాము లాంటి చోటుకు నిప్పంటించడం, పేలుడు పదార్థం పెట్టడం. ఇక నాలుగోది, మామూలు దొంగతనమైనా చొరబాటైనా సరే, అడ్డుకోకపోతే చావో తీవ్ర గాయమో తప్పదని సబబుగా భయపడే పరిస్థితి.

ఈ నాలుగింటికీ పైన చెప్పిన 37వ సెక్షన్ కళ్లెం ఉంటుంది. "రాత్రి వచ్చాడు కాబట్టి ఏం చేసినా చెల్లుతుంది" అని ఊళ్లలో చెప్పుకునే మాట తప్పు. కేకేస్తే పారిపోయేవాడిని గొడ్డలితో నరికితే అది అవసరానికి మించిన హానే.

ఇల్లు బద్దలుకొట్టడం అంటే తలుపు విరగ్గొట్టాలా?

అక్కర్లేదు. గోడకు కన్నం వేసి చెయ్యి లోపలికి పెట్టినా చాలు. చట్టంలోని ఉదాహరణల్లో మొదటిదే అది. కిటికీలోంచి దూరడం, తలుపు సందులోంచి తీగ పెట్టి గడియ ఎత్తడం, మీరు ఎక్కడో పారేసుకున్న తాళంచెవి దొరికితే దానితో తాళం తీయడం, వాకిట్లో నిలబడ్డ కాపలావాడిని కొడతానని బెదిరించి లోపలికి రావడం, అన్నీ ఈ కిందికే వస్తాయి. గోడ దూకి రావడమూ అంతే.

ఏది రాదో చూడండి. వేసవిలో ఉక్కపోత పడలేక వీధి తలుపు బార్లా తెరిచి పడుకుంటారు. దొంగ ఆ తెరిచిన తలుపులోంచి నడిచి వచ్చాడు. ఏదీ విరగ్గొట్టలేదు, గడియ తీయలేదు, ఎవరినీ బెదిరించలేదు. ఇది గృహ అతిక్రమణ అవుతుంది గానీ ఇల్లు బద్దలుకొట్టడం కాదు. అప్పుడు రెండో సందర్భం వర్తించదు; నాలుగోదాని కింద, నిజంగా ప్రాణభయం కలిగిందని చూపించుకోవాలి. మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఎవరో నిలబడి ఉంటే, వాడు గడియ తీసి వచ్చాడా తెరిచిన తలుపులోంచి వచ్చాడా అన్నది ఎవరికి తడుతుంది? ఈ తేడా కోర్టు హాల్లో పనికొస్తుంది గానీ మంచం మీద పనికిరాదు.

రాత్రికీ పగటికీ ఎందుకు ఇంత తేడా?

ఈ తేడా చాలా పాతది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు రోమన్ల పన్నెండు ఫలకాల చట్టంలో రాత్రి దొంగను చంపితే తప్పులేదు. బైబిల్ నిర్గమకాండం 22వ అధ్యాయం ఇంకో అడుగు వేసింది: కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బ తిని చస్తే కొట్టినవాడి మీద రక్తాపరాధం లేదు, కానీ పొద్దు పొడిచాక అయితే ఉంది.

సంగతేమిటంటే, చీకట్లో ఏమీ తెలియదు. వాడు బీరువా కోసం వచ్చాడా, పీక కోసమా? ఒక్కడా, నలుగురా? చేతిలో ఉన్నది టార్చా, కత్తా? ఆ సమయంలో సాయానికి వచ్చేవాళ్లూ ఉండరు. ఇలాంటి చట్టాలు ఇచ్చిన సడలింపు ఆ తెలియనితనానికే అని నా అభిప్రాయం. బంగారం విలువకు దానితో సంబంధం లేదు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే కింది జవాబుల్లో చాలావరకు మీకు మీరే ఊహించుకోగలరు.

ఇప్పటి జీవితంలో ఈ రాత్రి–పగలు లెక్క కొంచెం పాతబడిందన్నది వేరే సంగతి. సాయంత్రం 7 గంటలకు పదిమంది తిరుగుతున్న ఇంట్లో కంటే, మధ్యాహ్నం 3 గంటలకు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉన్న పెద్దావిడకే ముప్పెక్కువ. ఆవిడకు 41లోని నాలుగో సందర్భం, లేదా ఒంటిని కాపాడుకునే హక్కు గురించి చెప్పే 38వ సెక్షన్ అండగా ఉంటాయి.

దొంగ పారిపోతున్నాడు. వెనక నుంచి కొట్టొచ్చా?

సొత్తు పట్టుకుని పోతుంటే వెంటపడి లాక్కోవచ్చు. వాడు సొత్తుతో సహా తప్పించుకునేదాకా, లేదా పోలీసుల సాయం అందేదాకా, లేదా సొత్తు మళ్లీ చేతికొచ్చేదాకా ఆ హక్కు బతికి ఉంటుందని 43వ సెక్షన్. వెంటపడటం వేరు, చంపడం వేరు. వాడు వీపు చూపించాక మీ ప్రాణానికి వచ్చిన ముప్పేమీ లేదు. జైదేవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: పొలం తగాదాలో ఎదుటివాళ్లు పారిపోతుంటే తుపాకీ పేల్చినవాళ్లకు ఆత్మరక్షణ వర్తించదంది.

ఇంగ్లండ్‌లో దేశాన్ని రెండుగా చీల్చిన కేసూ ఇలాంటిదే. 1999లో నార్‌ఫోక్‌లో ఒంటరిగా ఉండే టోనీ మార్టిన్ అనే రైతు, రాత్రి ఇంట్లో దూరిన ఇద్దరి మీద తుపాకీ పేల్చాడు. వీపులో తూటా దిగి చనిపోయినవాడి వయసు 16. జ్యూరీ హత్య అని తేల్చింది. 2001లో అప్పీలు కోర్టు అతని మానసిక స్థితిని లెక్కలోకి తీసుకుని నేరం స్థాయి తగ్గించింది, ఆత్మరక్షణను మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో అంతకుముందు కూడా దొంగలు పడ్డారని, పోలీసుల మీద నమ్మకం పోయిందని అతను చెప్పుకున్నాడు. అతని విసుగు అర్థమవుతుంది. పాత దొంగతనాలన్నిటి కోపం ఒక కుర్రాడి వీపు మీద తీర్చుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

పట్టుకున్నాం. స్తంభానికి కట్టేసి నాలుగు తగిలిస్తే తప్పేంటి?

మన దగ్గర అసలు గొడవ ఇక్కడే. తుపాకులు ఉన్న ఇళ్లు తక్కువ కాబట్టి గుమ్మంలో కాల్చి చంపడాలు మనకు అరుదు. పట్టుకున్నాక కొట్టి చంపడాలు అంత అరుదు కాదు.

చేతులు విరిచి తాడుతో కట్టాక అతని వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. ఆత్మరక్షణ అక్కడితో అయిపోయింది. మీ కళ్లముందు బెయిలు రాని నేరం చేసినవాడిని పట్టుకునే అధికారం మామూలు పౌరుడికి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా, 6 గంటల్లోపు పోలీసులకు అప్పజెప్పాలి. ఆ మధ్యలో తాడు వేయొచ్చు, చెయ్యి వేయకూడదు.

ఊరంతా పోగైనప్పుడు జరిగేది తెలిసిందే. బజారులోంచి వచ్చిన ప్రతివాడూ ఒక దెబ్బ వేస్తాడు. ఒకడు చెప్పుతో, ఒకడు బెల్టుతో. ఇంటివాళ్లు ఆపుదామన్నా వినేవాడుండడు. తెల్లారేసరికి మనిషి పోతాడు. ఎవరి దెబ్బకు పోయాడో చెప్పలేరు, చెప్పనక్కర్లేదు కూడా: ఉమ్మడి ఉద్దేశంతో గుమిగూడినవాళ్లు అందరూ బాధ్యులేనని న్యాయ సంహిత 190వ సెక్షన్ అంటుంది. "నేను ఒక్కటే వేశాను" అన్న మాట బోనులో పనిచేయదు. సరదాగా తీసిన ఫోన్ వీడియోనే సాక్ష్యం అవుతుంది.

ఇంకో ఘోరం, కొట్టించుకున్నవాడు దొంగే అన్న గ్యారంటీ లేకపోవడం. 2018 మే నెలలో పార్థీ గ్యాంగ్ దిగిందని, పిల్లలను ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో పుకార్లు పాకినప్పుడు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో కొత్తవాళ్లను కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో బలైంది ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. అప్పట్లో జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసులను పంపి, డప్పు చాటింపులతో, పాటలతో పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ఆ జిల్లాలో అలాంటి చావు నమోదు కాలేదు.

చీకట్లో మనవాడినే దొంగ అనుకుని కొడితే?

చట్టం దీన్ని ముందే ఊహించింది. 36వ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణ చూడండి. ఒకతను తాను ప్రవేశించే హక్కున్న ఇంట్లోకే రాత్రిపూట వస్తాడు. లోపలున్నాయన అతన్ని కన్నపుదొంగ అనుకుని, మనస్ఫూర్తిగా నమ్మి, మీద పడతాడు. మీద పడ్డాయన చేసింది నేరం కాదు. విచిత్రమేమిటంటే, వచ్చినతనికి కూడా తిరగబడే హక్కు పూర్తిగా ఉంది. ఇద్దరూ నిర్దోషులే, ఇద్దరిలో ఒకరి ప్రాణం పోవచ్చు.

నమ్మితే చాలదు, తగిన జాగ్రత్త తీసుకుని నమ్మాలి. అపార్ట్‌మెంట్లలో అన్ని అంతస్తులూ ఒకేలా ఉంటాయి. తాగి వచ్చినవాడు ఒక అంతస్తు తప్పి మీ తాళంలో తన తాళంచెవి తిప్పుతూ ఉండొచ్చు. హాస్టల్ నుంచి చెప్పకుండా వచ్చిన కొడుకు పెరటి గోడ దూకొచ్చు. అమెరికాలో లూసియానా రాష్ట్రం బేటన్ రూజ్‌లో 1992లో 16 ఏళ్ల జపాన్ విద్యార్థి హాలోవీన్ పార్టీకి వెళ్తూ ఇంటి నంబరు తప్పి వేరే ఇంటి గంట కొట్టాడు. ఇంటాయన తుపాకీ తెచ్చి "కదలకు" అన్నాడు. ఆ మాట పిల్లవాడికి తెలియలేదు. ఒక్క తూటాకు ప్రాణం పోయింది. జ్యూరీ ఆయన్ను నిర్దోషి అంది. తర్వాత సివిల్ కోర్టు మాత్రం ఆరున్నర లక్షల డాలర్లకు పైగా పరిహారం కట్టమంది.

కొట్టబోయే ముందు లైటు వేసి, గొంతు చించుకుని "ఎవర్రా అది?" అని అరవండి. మనవాడైతే పలుకుతాడు. దొంగైతే ఎక్కువసార్లు పరుగు లంకించుకుంటాడు.

గోడ మీద కరెంటు తీగ పెడితే?

పెట్టకూడదు. చెరుబిన్ గ్రెగరీ కేసు 1960ల్లో బిహార్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. పొరుగువాళ్లు తన మరుగుదొడ్డి వాడుకుంటున్నారని ఒకాయన దారికి అడ్డంగా కరెంటు తీగ కట్టాడు. తగిలి ఒకావిడ చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చినవాళ్లయినా సరే, చావు వల పన్నే హక్కు ఇంటి యజమానికి లేదంటూ కోర్టు శిక్ష ఖాయం చేసింది. అమెరికాలోని అయోవాలో 1971 తీర్పు కూడా ఇదే దారిలో నడిచింది: పాడుబడ్డ ఇంట్లో తలుపు తీయగానే పేలేలా తుపాకీ బిగించిన దంపతులు, కాలు పోగొట్టుకోబోయిన దొంగకే 30 వేల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

అడవిపందుల కోసం చేల చుట్టూ తీగలు పెట్టే రైతులకూ ఇది వర్తిస్తుంది. తీగ ఎవరినీ "ఎవరది" అని అడగదు. పాలవాడు, బంతి కోసం గోడ దూకిన పిల్లవాడు, మంటలార్పడానికి వచ్చినవాడు, అందరూ దానికి ఒకటే. గోడ మీద గాజుపెంకులు, ముళ్లతీగ, కుక్క, కళ్లకు కనబడేవి కాబట్టి పేచీ లేదు.

ఆ కంగారులో ఎంత బలం వాడాలో ఎవరు తూచగలరు?

తూచమని కోర్టులు కూడా అడగవు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నీ ఒకచోట చేర్చింది: సబబైన భయం చాలు, దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు, ప్రాణం మీదికొచ్చినవాడు దెబ్బలను కొలిచి వేయలేడు, అయితే హక్కు రక్షణకే, పగకు కాదు.

ఆచరణలో ఎలా ఉంటుందో జేమ్స్ మార్టిన్ కేసు చూపిస్తుంది. కేరళలో 1988 నాటి భారత్ బంద్ రోజు పిండిమర మూయించడానికి బంద్ కార్యకర్తలు లోపలికి చొరబడ్డారు, పనివాళ్లను కొట్టారు. మర యజమానులు తుపాకీ పేల్చారు, ఇద్దరు చనిపోయారు. కింది కోర్టు, హైకోర్టు శిక్ష వేశాయి. 2003లో సుప్రీంకోర్టు వదిలిపెట్టింది. పదిహేనేళ్లు పట్టిందన్నది మర్చిపోకండి.

రుజువు భారం మీదే, కానీ అనుమానానికి తావులేకుండా నిరూపించనక్కర్లేదు. మీ మాటే ఎక్కువ సంభావ్యంగా ఉందనిపిస్తే చాలు. విరిగిన గడియ, మీ ఒంటి మీది గాయాలు, చనిపోయినతని గాయాలు ముందున్నాయా వెనకా, ఎన్ని ఉన్నాయి, ఇవి మీ తరఫున మాట్లాడతాయి. లేదా మీకు ఎదురు తిరుగుతాయి.

హద్దు దాటితే ఇక యావజ్జీవమేనా?

కాకపోవచ్చు. పగ లేకుండా, నిజంగా రక్షణ కోసమే అనుకుని అవసరానికి మించి చేస్తే, 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు దాన్ని హత్య కాని నరహత్యగా తగ్గిస్తుంది. జైలు తప్పుతుందని కాదు.

మా వాళ్లు టెక్సాస్‌లో ఉన్నారు. అక్కడ ఇంట్లోకి వస్తే కాల్చేయొచ్చట కదా?

"ఇల్లే కోట" అన్న మాట 1604 నాటి ఇంగ్లండ్ తీర్పులోంచి పుట్టింది. అమెరికా రాష్ట్రాలు దాన్ని చాలా సాగదీశాయి. టెక్సాస్ 2007లో ఇంకా సడలించింది: బలవంతంగా ఇంట్లో చొరబడేవాడి మీద మారణాయుధం వాడితే, ఆ భయం సబబేనని చట్టమే ముందుగా అనుకుంటుంది. రాత్రి దొంగతనాన్ని ఆపడానికి కూడా కొన్ని షరతుల మీద వాడొచ్చు. ఆ ఏడాదే పసడెనాలో ఒకాయన పక్కింట్లో దొంగతనం చేస్తున్న ఇద్దరిని కాల్చి చంపాడు. బయటికి వెళ్లొద్దని ఎమర్జెన్సీ ఆపరేటర్ ఫోన్‌లో చెబుతున్నా వినలేదు. 2008లో, కేసు పెట్టాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ ఆయన మీద కేసే వద్దంది.

చట్టం వదిలేసినంత మాత్రాన ఆ పని మంచిదైపోదు. అక్కడ కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు తుపాకీ కొనే ముందు ఇంట్లో పిల్లలున్నారన్నది మొదట ఆలోచించాలి. ఇంగ్లండ్ మధ్యదారి పట్టింది: 2013 చట్టం ప్రకారం ఇంటివాడు వాడిన బలం మరీ విపరీతం అయితేనే రక్షణ పోతుంది.

మన శాస్త్రాలు ఏమంటాయి?

ఒక్క మాట మీద లేవు. నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధం ఎత్తినవాడు, ధనం, పొలం, భార్యను అపహరించేవాడు, ఈ ఆరుగురినీ వసిష్ఠ ధర్మసూత్రం ఆతతాయిలుగా లెక్కగట్టింది. మీద పడే ఆతతాయి గురువైనా ముసలివాడైనా సంకోచించక చంపమని మనుస్మృతి. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు, వీళ్లు ఆతతాయిలే, అయినా చంపితే మనకు పాపమేనంటాడు. ఆయన సందేహం తీర్చడానికి పదిహేడు అధ్యాయాలు పట్టింది.

గాంధీ 1909లో రాసిన హింద్ స్వరాజ్‌లో దొంగ ముచ్చటే తీసుకున్నాడు. వచ్చినవాడు సొంత తండ్రి అయితే ఒకలా చేస్తాం, తెలిసినవాడైతే ఒకలా, ముక్కూమొహం తెలియనివాడైతే ఇంకోలా. మరి తలుపులు తెరిచి, వస్తువులు చేతికందేలా పెట్టి చూడమన్నాడు. ఇది నేను చేయగలనని చెప్పను. కానీ ఆ తండ్రి ప్రశ్న మాత్రం గట్టిది. వచ్చినవాడు ఎవరో తెలిస్తే మన చెయ్యి ఆగుతుందంటే, ఆ దెబ్బలో కొంత భాగం భయానిది కాదు, పరాయితనానిది.

వాడికి నా ప్రాణం మీద గౌరవం లేనప్పుడు నేనెందుకు గౌరవించాలి?

జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 17వ శతాబ్దంలో దాదాపు ఇదే అన్నాడు: బలం చూపి నన్ను తన గుప్పిట్లోకి తెచ్చుకోవాలనుకునేవాడు, గుప్పిట్లోకి వచ్చాక దేన్ని వదులుతాడో నాకేం తెలుసు? కాబట్టి చంపొచ్చు. వాదన బలమైందే, నేనూ సగం దాకా ఒప్పుకుంటాను. అయితే అది నిలబడేది వాడు ఎదురుగా ఉండి ఏం చేస్తాడో తెలియనంతసేపే. గొలుసు చేతికిచ్చి "పట్టుకుపో" అంటే పోయేవాడి విషయంలో అది చెల్లదు. పది తులాల బంగారం మళ్లీ చేయించుకోవచ్చు. పోలీసు, కోర్టు, వాయిదాల మధ్య పోయిన నిద్ర మాత్రం తిరిగి రాదు. దొంగ గొప్పవాడని ఈ మాట అనడం లేదు.

ఇంట్లో ఆడవాళ్లే ఉంటే?

అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి భయం ఉంటే చంపేదాకా వెళ్లొచ్చని 38వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఆస్తి లెక్క అవసరమే లేదు. అయితే ప్రతి ఎదురుదాడీ చావుతో ముగియనక్కర్లేదు. 2024 మార్చిలో హైదరాబాద్ బేగంపేటలో నాటు తుపాకీ, కత్తితో చొరబడ్డ ఇద్దరిని ఒక తల్లీకూతుళ్లు పెనుగులాడి తరిమేశారు. ఒకడు వెంటనే దొరికాడు, రెండోవాడు తర్వాత దొరికాడు. సీసీ కెమెరా దృశ్యాలు చూసినవాళ్లకు తెలుసు, వాళ్లు ఆపడానికి పోరాడారు, చంపడానికి కాదు.

ఊరెళ్లినప్పుడు ఏం చేయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో అయితే తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో ముందుగా చెప్పి వెళ్లండి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కెమెరా బిగించుకునేవాళ్లే ఎక్కువ.

జరగరానిది జరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

మొదట 112కు ఫోన్. ఊపిరి ఉంటే 108 కూడా. పడిపోయినవాడు దొంగే అయినా అంబులెన్స్ పిలవడం మీ బాధ్యత, రేపు మీ ఉద్దేశానికి సాక్ష్యం కూడా. రక్తం కడగొద్దు, వస్తువులు కదపొద్దు. శవం చేతిలో కూరగాయల కత్తి పెట్టమని సలహా ఇచ్చే మేధావి చుట్టాల్లో ఒకడుంటాడు. వాడి మాట వింటే నిజమైన ఆత్మరక్షణ కూడా కట్టుకథలా కనబడుతుంది, క్లూస్ టీమ్‌కు ఆ కత్తి మీద వేలిముద్రల సంగతి మీకంటే బాగా తెలుసు. పోలీసులు కేసు కడతారు, అరెస్టు కూడా చేయొచ్చు. అంతమాత్రాన నేరస్థులైపోయినట్టు కాదు. దర్యాప్తులోనే ఆత్మరక్షణ అని తేలవచ్చు, లేదా కోర్టులో తేల్చుకోవాల్సి రావచ్చు. ఏ క్రమంలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు, వకీలు సమక్షంలో చెప్పండి. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి.